బ్యారన్ కాని ఇల్లు

అమెరికాలో, మోరిస్‌విల్ దగ్గర హాలోవెల్ పాత పొగాకు తోటబంగళా. 1984. శనివారాలు అక్కడ గైడ్‌గా ఉండే నర్సు నవోమి, వరండా స్తంభాలు చూపించి పాలరాయి అని సందర్శకులకు చెప్పింది.

వెనక నిలబడ్డ జయరాజు స్తంభాన్ని వేలితో తట్టాడు.

"వుడ్," అన్నాడు. "లోపల బోలు."

పాతికమందీ నవ్వారు. నవోమి నవ్వలేదు.

"తెలుగువారా?" అని తెలుగులో అడిగింది.

"ఔనండి."

"అనుకున్నా. పదిమందిలో పరువు తీయడానికి మనవాళ్లే కావాలి."

తోటలో ఏ కట్టడం ఉంచాలో, ఏది పడగొట్టి కార్ పార్కింగ్ చేయాలో తేల్చడానికి ప్లాన్లు గీసే ఇంజనీరు అతను. కొలిచే టేపుకి రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. నవోమి పట్టుకుంది. రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం మాట్లాడింది. ఆ తరవాత జయరాజు కొలిచిన హాలునే మళ్లీ కొలిచాడు. పొడవు మారలేదు.

"ఇది నాలుగోసారి," అంది నవోమి.

"పాత ఇళ్లు కుంగుతాయండి."

"వారానికోసారా?"

బంగళా వెనక ఒక దుంగల గది ఉంది. దాన్ని అతను 'పొగాకు బ్యారన్' అని రాసి ఆఫీస్‌కి పంపేశాడు. పొగాకు ఆకుని వేడికి ఆరబెట్టి కాల్చే బ్యారన్లు ఆ తోటలో ఇంకా మూడున్నాయి. కాబట్టి దీన్ని సోమవారం పడగొడతారు. ప్లాన్ కాపీ నవోమి చూసింది.

"లోపలికెళ్లారా?"

"ఎందుకు? ఒంగోలు దగ్గర మా నాన్నకి ఆరు బ్యారన్లు. చూస్తే తెలీదా?"

"ఆసామి కొడుకులు బయటి నుంచే చూస్తారు. మా నాన్న బ్యారన్ కాల్చిన కూలీ. బ్యారన్‌కి మంట బయటి నుంచి పెడతారు సార్, లోపల పొయ్యి ఉండదు. రండి."

లోపల, గోడలో వంటపొయ్యి ఉంది. పైన మసి. కుండ వేలాడదీసే ఇనప కొక్కెం.

"ఆ బంగళా కట్టిన బానిసలు ఇక్కడ వండుకున్నారు, ఇక్కడే పడుకున్నారు. మీ ప్లాన్‌లో మాత్రం పొగాకు పడుకుంది."

"ఇప్పుడు తప్పని చెబితే జాబ్ పోవచ్చు. నా గ్రీన్‌కార్డ్ పేపర్స్ ఆఫీస్ వాళ్ల దగ్గరే ఉన్నాయి."

"చెప్పకండి. టేపు రెండో కొసకి మేకు కొట్టుకోండి."

ఆమె వెళ్లిపోయింది. చుట్టూ ఎవరూ లేకపోయినా జయరాజుకి పరువు పోయినట్టే ఉంది.

సోమవారం పొద్దున్నే ఆఫీస్‌కెళ్లి, లోపలికి వెళ్లకుండానే రాశానని చెప్పాడు. బుల్డోజర్ వెనక్కి వెళ్లింది. జయరాజు ఉద్యోగం కూడా వెళ్లింది. ఎవరూ మెచ్చుకోలేదు.

శనివారం టికెట్ కొనుక్కుని బంగళాకి వచ్చాడు.

"మీరా! ఇంకేం కొలవాలి?"

"ఏం లేదు. జాబ్ లేదు, గ్రీన్‌కార్డ్ లేదు. మిమ్మల్ని పెళ్లి చేసుకుందామని వచ్చాను."

నవోమి అతన్ని ఎగాదిగా చూసింది.

"మంచి టైమే చూసుకున్నారు. నన్ను కాదు, ముందు మా నాన్నని అడగండి."

తండ్రి దైవాశీర్వాదం కూతురి అపార్ట్‌మెంట్‌లోనే ఉంటున్నాడు. సంగతంతా విన్నాడు.

"ఆసామి కొడుకువా బాబూ?"

"ఔనండి."

"నలభై ఏళ్లు కాల్చాను. ఒక్క ఆసామీ నన్ను కూర్చోమనలేదు." కుర్చీ ముందుకు జరిపాడు. "నువ్వు కూర్చో."

జయరాజు కూర్చున్నాడు. నవోమి వచ్చి పక్కన కూర్చుంది. ముసలాయన ప్రార్థన మొదలుపెట్టాడు. అది చాలాసేపు సాగింది. మధ్యలో నవోమి ఒక కన్ను తెరిచింది.

అతను అప్పటికే రెండూ తెరిచి ఆమెనే చూస్తున్నాడు.