మాలకొండయ్య నోరు పెగలని రాత్రి

పొద్దున్నే ఎద్దులకు చొప్ప వేస్తూ మాలకొండయ్య పద్యం ఎత్తుకున్నాడంటే ఆ వీధికి తెల్లవారినట్టే. గొంతు గాడిదదే గానీ రాగం మాత్రం తప్పేవాడు కాదు. కంభం చుట్టుపక్కల ఎక్కడ నాటకమాడినా ముందు వరుసలో చాప ఆయనది. పద్యం నచ్చితే లేచి నిలబడి "వన్స్ మోర్!" అని అరిచేవాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషంతా అదే. ఆ కేక పడిందంటే చచ్చిపడ్డ వేషగాడైనా లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాల్సిందే. ఒకసారి మార్కాపురం డేరాలో టాకీ చూస్తూ తెరకేసి కూడా అట్లాగే అరిచాడు. బొమ్మ తన దారిన తాను పోయేసరికి, "మర్యాద తెలీని బొమ్మలు" అని తిట్టుకుంటూ లేచి వచ్చేశాడు.

ఒకరోజు పొద్దున హార్మోనియం వాయించే నిత్యానందం గుమ్మంలోకి వచ్చి మాలకొండయ్య భార్య రంగనాయకమ్మను పిలిచాడు.

"అత్తా, శనివారం మన నాటకం. నీ పెండ్లి పట్టుచీర రాణి వేషానికి కావాల."

"రాణి వేషం ఎవురు కడుతుండారు?" ఉత్సాహంగా అడిగాడు మాలకొండయ్య.

నిత్యానందం నీళ్ళు నమిలాడు. "మన అంకన్నే, మామా."

ఆ కాలంలో ఆడవేషాలన్నీ మగవాళ్ళే కట్టేవాళ్ళు. వాళ్ళను ముప్పై ఏళ్ళుగా ఆకాశానికెత్తిన మాలకొండయ్య, ఇప్పుడు చేతిలోని చొప్పకట్ట నేలకేసి కొట్టాడు.

"నా కొడుకు చీర కట్టేదేంది?"

"ఊళ్ళోవాళ్ళ కొడుకులు కడితే దండం పెడితివి గదా?" అంది రంగనాయకమ్మ. "నీ కొడుకు కడితే తప్పొచ్చిందా?"

"చూసేది వేరు, మనింట్లో ఆడేది వేరు! రేపు వీడికి పిల్లనెవురిస్తారే?"

లోపలినుంచి అంకన్న వచ్చాడు. "ఆ పద్యాలు నాకెట్ల పట్టుబడినాయి నాయనా? నీ భుజాల మీద కూచోనే గదా విన్నా."

"చీర కట్టినావంటే నన్ను నాయనా అని పిలవొద్దు!"

రంగనాయకమ్మ లోపలికి పోయి పెట్టెలోంచి పట్టుచీర తీసుకొచ్చింది. అంకన్న తల్లి చేతిలోంచి చీర అందుకుని వెళ్ళిపోయాడు.

శనివారం రాత్రి మాలకొండయ్య రానుగాక రానని ముసుగుతన్నాడు. చెరువుగట్టు అవతలినుంచి హార్మోనియం శ్రుతి వినపడగానే కాళ్ళు ఆగలేదు. గొంగడి కప్పుకుని వెళ్ళి జనం వెనక నక్కి కూచున్నాడు.

రాణి వచ్చింది. మొదట ఆయన కొడుకు కోసమే వెతికాడు, ఆ నడకలో, ఆ మోచేతి మచ్చలో. కాసేపటికి కొడుకు కనపడలేదు. చనిపోయిన బిడ్డను ఒళ్ళో వేసుకుని ఒక తల్లి పద్యం ఎత్తుకుంది. గొంతు పైకి వెళ్ళి అక్కడే నిలిచిపోయింది. నిత్యానందం హార్మోనియం మెట్ల మీదినుంచి చేతులు తీసేసి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాడు. మనిషి గొంతులో ఇంత దుఃఖం పడుతుందా అనుకున్నాడు మాలకొండయ్య.

పద్యం అయిపోయింది. ఎవరో ఆయన్ను గుర్తుపట్టారు. జనమంతా వెనక్కి తిరిగారు. "కానీయ్ మాలకొండన్నా, కేకెయ్యి! ఇంకా చూస్తావేంది?"

ఆయన నోరు పెగలలేదు. రాణి అటే చూసింది, తల దించుకుని తర్వాతి మాట అందుకుంది.

తెల్లవారింది. తెర వెనక అంకన్న కొబ్బరినూనెతో మొహం రంగు తుడుచుకుంటుంటే తండ్రి వచ్చి నిలబడ్డాడు. అంకన్న లేచాడు గానీ నాయనా అని పిలవలేదు.

"ఎవురెవురికో అరిచినావు. నాకు ఒక్క కేక రాలేదా? అంత చెడగొట్టినానా?"

మాలకొండయ్య అక్కడే నేలమీద కూలబడ్డాడు. కళ్ళనీళ్ళు గడ్డంలోకి కారుతున్నాయి.

"బిడ్డ చచ్చి ఏడ్చే తల్లిని, ఇంకోసారి ఏడవమని ఎట్ల అడిగేదిరా?" అన్నాడు. "ముప్పై ఏండ్లు అందర్నీ అడిగినా. రాత్రి నాకు నోరు రాలేదు."

అంకన్న సగం తుడిచిన మొహంతోనే ఆయన పక్కన కూచున్నాడు.

"నాయనా," అన్నాడు.