డ్యాష్‌బోర్డులో వెలగని బల్బు

"ఇండికేటర్ కొట్టుకోవట్లేదయ్యా."

"ఎడమదా, కుడిదా?"

"రెండూ."

కోడ్ సరిపోయింది. ఉమామహేశ్వర్ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

నాచారం మెయిన్ రోడ్డు మీద ఆటో ఎలక్ట్రీషియన్ షాపు అది. రెండేళ్లుగా అదే అతని వేషం. వయసు యాభై ఎనిమిది. డిపార్ట్‌మెంట్ ఫైల్లో పేరు ఏజెంట్ ఫ్యూజ్. స్కూటర్ మీద వచ్చినవాడు చీఫ్ హృషికేశ్. హెల్మెట్ తీయలేదు.

"టైం లేదు, విను. పరాయి దేశంలో మారుపేర్లతో ఉన్న మన ఏజెంట్లు తొమ్మిది మంది. వాళ్ల అసలు పేర్లు ఒక ముఠా చేతికి చిక్కాయి. ఒక మైక్రోచిప్‌లో ఉన్నాయి. చిప్ ఒక పాత తెల్ల కారులో ఉంది. పన్నెండింటికి నాగోల్ మెట్రో దగ్గర కొనేవాడికి కారు అప్పగిస్తారు."

"గౌతమి పేరున్నదా?"

"మూడోది."

గౌతమికి పని నేర్పింది ఉమామహేశ్వరే. నాలుగేళ్ల కింద బోర్డర్ దాటించిందీ అతనే. ఆ లిస్ట్ అవతల ఎవడైనా తెరిస్తే ఆ పిల్ల సాయంత్రం చూడదు.

"కారేడున్నది?"

"అరకిలోమీటరు అవతల, రోడ్డు మీదే ఆగిపోయింది. నడిపేది దుర్గాభవాని. మన కబుర్లు వాళ్లకి, వాళ్ల కబుర్లు మనకి మోసే మనిషి. మెకానిక్ కావాలని నాకే ఫోన్ చేసింది. నువ్వెళ్లి బండి స్టార్ట్ చెయ్యి. కింద ఈ ట్రాకర్ అతికించు. చిప్ జోలికి పోకు. కొనేవాణ్ణి నాగోల్‌లో మేం పట్టుకుంటాం."

"మీరు పట్టుకునేలోపల ఆడు పేర్లు ఫోన్ల పంపిస్తే?"

"రిస్క్ తప్పదు. ఇది ఆర్డర్."

"విన్న."

విన్నానన్నాడు. సరేనని మాత్రం అనలేదు.

పదకొండున్నరకి ఉమామహేశ్వర్ కారు దగ్గరున్నాడు. ఫుల్ ఛార్జింగ్ బ్యాటరీ, జంపర్ కేబుళ్లు, టూల్ బ్యాగ్. దుర్గాభవాని నల్ల కళ్లద్దాలు, ఎర్ర పట్టు కుర్తా. ఆగిన బండికి ఆనుకుని కూడా పెళ్లికి బయల్దేరినట్టే ఉంది. పక్కన తేజేష్, ముఠా పెట్టిన కాపలా. చొక్కా కింద పిస్టల్ ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

"బ్యాటరీ పోయింది కాకా. కొత్తదేసి పో," అన్నాడు తేజేష్.

ఉమామహేశ్వర్ బ్యాగ్ కింద పెట్టాడు. వంగి చక్రం చూస్తున్నట్టు నటిస్తూ ట్రాకర్ అతికించాడు. తన బ్యాటరీ బిగించి, లోపల కూర్చుని తాళం తిప్పాడు. డ్యాష్‌బోర్డు తెల్లగా వెలిగింది. ఎర్ర బ్యాటరీ బొమ్మ మాత్రం వెలగలేదు. ఇంకో మూడు చోట్ల కూడా చీకటే.

"బల్బులన్నీ ఎల్ఈడీ జేసింది ఎవడు?"

"నీకెందుకు?"

"కొత్త బ్యాటరీ ఏసినా మల్ల ఆగుతది తమ్మీ. గిది పాత బండి. గా బ్యాటరీ బల్బుల నుంచి పోయే కరెంటుతోనే ఆల్టర్నేటర్ లేస్తది. ఎల్ఈడీ గంత కరెంటు పోనియ్యదు. ఛార్జింగే ఐతలేదు నీ బండికి."

శాటిలైట్ ఫోన్లు వాడే ముఠాకి ఈ సంగతి తెలియలేదు.

"ఎంతసేపు?" దుర్గాభవాని అడిగింది.

"మీటర్ ఇప్పాలె."

నాలుగు స్క్రూలు తీసి మీటర్ బయటికి లాగాడు. వెనక పద్నాలుగు బల్బులు, అన్నీ కొత్తవి. ఇంత పాత బండికి పద్నాలుగూ ఎవడైనా ఎందుకు మారుస్తాడు? ఒకదాన్ని వాటి మధ్య దాచడానికి.

ఎల్ఈడీకి ప్లస్, మైనస్ ఉంటాయి. తిరగేసి పెడితే వెలగదు. చీకటిగా ఉన్న మొదటిది పీకి, తిప్పి పెట్టాడు. వెలిగింది. రెండోదీ అంతే. మూడోది తిప్పినా వెలగలేదు. ఆ హోల్డర్లో పక్క బల్బు పెట్టి చూశాడు. అది వెలిగింది. అంటే హోల్డర్ మంచిదే. వెలగని బల్బు తీసి చేతిలోకి తీసుకున్నాడు. గోటితో పసుపు టోపీ గీకాడు. లోపల బియ్యపు గింజంత నల్లటి చిప్.

బల్బు పట్టుకుని దిగి, తెరిచి ఉన్న బానెట్ దగ్గరికి నడిచి, బ్యాటరీకి రెండు సన్నటి వైర్లు బిగించాడు. టైం పదకొండు యాభై ఆరు.

తేజేష్ ఫోన్ మోగింది. విన్నాడు. ముఖం మారింది. పిస్టల్ బయటికొచ్చింది.

"కొనే సార్ ఆటోల ఇటే వస్తుండంట. కారుతోని పని లేదు. వెలగని బల్బు ఒకటున్నదంట. గదే కావాలె. ఇటియ్యి."

"పిస్టల్ ఎందుకు తమ్మీ? బల్బు కోసమా?"

"ఇస్తవా, కాల్చాల్నా?"

తేజేష్ ముందుకు వంగి, ఎడమచేత్తో రేడియేటర్ అంచు పట్టుకుని, పిస్టల్ ఉన్న చెయ్యి ఇంజన్ మీదుగా చాపాడు. ఉమామహేశ్వర్ రెండు వేళ్ల మధ్య చిప్. రెండో చేతిలో బ్యాటరీకి బిగించిన రెండు వైర్లు. అడుగు వెనక్కి వెయ్యలేదు.

"కాల్చు. గా పేర్లు మాత్రం నీ చేతికి రావు."

"మూడు లెక్కపెడత. వెలగని బల్బుకి పాణమిస్తవా?"

"వెలగదని ఎవడు చెప్పిండు?"

వైర్లు చిప్‌కి ఆనించాడు. పన్నెండు వోల్టులు. టప్ మని నీలి మెరుపు, సన్నటి పొగ.

"సూడు. వెలిగింది."

తేజేష్ వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. అదే క్షణంలో దుర్గాభవాని బానెట్ కింది కడ్డీ లాగేసింది. బానెట్ తేజేష్ ముంజేతుల మీద పడింది. కేక. గుండు రేడియేటర్ పక్క నుంచి రోడ్డులోకి పోయింది. ఉమామహేశ్వర్ అతన్ని లాగి జంపర్ కేబుళ్లతోనే కట్టేశాడు.

"నువ్వు ఎవరి దిక్కమ్మా?"

"ఇవాళ్టికి మీ వైపే అన్నా. రేపటి సంగతి అడక్కండి," అని ఆమె కళ్లద్దాలు సర్దుకుంది.

ఉమామహేశ్వర్ బ్యాటరీ బొమ్మ వెనక మామూలు బల్బు పెట్టాడు. తాళం తిప్పితే ఎర్రగా వెలిగింది. ఇంజన్ లేచాక ఆరిపోయింది. బండి బాగైనట్టే. ఆమె ఉప్పల్ వైపు దూసుకుపోయి, ఆటోలో వస్తున్నవాడికి అడ్డంగా కారు ఆపింది. ట్రాకర్ వెంట వచ్చిన చీఫ్ మనుషులు వాణ్ణి ఆటోలోనే పట్టుకున్నారు.

పన్నెండున్నరకి హృషికేశ్ షాపుకి వచ్చాడు. ఈసారి హెల్మెట్ లేదు. ముఖం కందగడ్డలా ఉంది.

"చిప్ మన సాక్ష్యం! జోలికి పోకన్నాను. కాల్చి బూడిద చేశావ్!"

"గది సాక్ష్యం గాదు సార్. తొమ్మిది మంది మనుషులు. మల్ల దొరికినా గిట్లనే కాలుస్త."

"ఉద్యోగం పోతుంది."

"పోనీ."

చీఫ్ బల్ల మీద చరిచాడు. "రాతపూర్వకంగా సంజాయిషీ కావాలి. ఏం జరిగిందో, ఎందుకు చేశావో, మొత్తం. ఇప్పుడే," అన్నాడు.

ఉమామహేశ్వర్ ఖాళీ బల్బు డబ్బా చింపి, అట్ట వెనక రాసి ఇచ్చాడు:

"బల్బు ఖరాబైంది. మార్చిన."