ఐదో వెర్షన్ గెలిచిన రోజు

ఆ అమ్మాయి తలుపు తట్టలేదు. తట్టాలా వద్దా అని గుమ్మం దగ్గరే తచ్చాడుతుంటే లోపలినుంచి డిటెక్టివే పిలిచింది.

"రామ్మా, కూర్చో. భయపడేవాళ్ళ కోసమే ఆ కుర్చీ వేశాం."

వచ్చి కూర్చుంది. ముఖాన నెత్తురు చుక్క లేదు. ఒళ్ళో సంచీని రెండు చేతులా పట్టుకుని, "నేను అబద్ధం చెప్పలేదండీ" అంది, ఎవరూ అడక్కుండానే.

డిటెక్టివ్ ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో పనిచేసింది. తగలబడిన గోడౌన్లు చూసి, అవి తగలబడ్డాయా, తగలబెట్టారా అని తేల్చే ఉద్యోగం. తేల్చకూడనివి కూడా తేలుస్తోందని సాగనంపారు. అప్పట్నుంచీ సొంత దుకాణం. అసిస్టెంట్ ఆమె మేనల్లుడే. బట్టతల వచ్చింది, బొజ్జ వచ్చింది, అయినా అత్త నోరు తెరిస్తే చాలు, గుడ్లప్పగించి వింటూ కూర్చుంటాడు. ఈ లోకంలో తప్పు చేయని మనిషంటూ ఉంటే అది తన మేనత్తేనని అతని నమ్మకం.

"మొదట్నుంచి చెప్పు" అంది డిటెక్టివ్. "కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది తక్కువ. వీడికి తెలిసింది అంతకన్నా తక్కువ. కాకపోతే వీడు తెలిసినట్టు తలూపుతాడు."

మేనల్లుడు అప్పటికే తలూపుతున్నాడు.

"ఏదైనా ప్రోగ్రాం పనిచేస్తూ పనిచేస్తూ హఠాత్తుగా చచ్చిపోతుందండీ. ఆ క్షణంలో దాని బుర్రలో ఉన్నదంతా ఒక పెద్ద ఫైల్లో పడుతుంది. దాన్ని క్రాష్ డంప్ అంటాం. ఆ ఫైలు తెరిచి, ఎక్కడ చచ్చింది, ఎందుకు చచ్చింది అని చూపించేది డీబగ్గర్. మా కంపెనీ అమ్మేది దాన్నే."

"పోస్టుమార్టం కత్తన్నమాట."

"అవునండీ. కొత్త కత్తి వచ్చినప్పుడల్లా, పాతదానికన్నా వేగంగా కోస్తుందో లేదో కొలవడం నా పని."

పాతది నాలుగో వెర్షన్. దాన్ని రాసిన పెద్దాయన్ని ఆఫీసంతా తాతగారంటారు. ఈ అమ్మాయికి పని నేర్పిందీ ఆయనే. కొత్తది ఐదో వెర్షన్, యజమాని బావమరిది చేయించాడు. రంగులు, బొమ్మలు బోలెడు. ఒకే డంప్ ఫైలుని నాలుగో వెర్షన్ రెండు నిమిషాల్లో తెరిస్తే, ఐదో వెర్షన్‌కి మూడు నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు చెప్పింది. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద కంపెనీ వీళ్ళని కొనడానికి వచ్చింది, ఐదో వెర్షన్ నిజంగా వేగమైతేనే కొంటామంది.

"మా రిపోర్టులు వద్దన్నారండీ. వాళ్ళ మనిషి వచ్చి, వాళ్ళ ప్రోగ్రాంనే మా మెషీన్ మీద అందరి ముందూ క్రాష్ చేయించాడు. అప్పటికప్పుడు పడిన డంప్. నాలుగో వెర్షన్‌కి మామూలుగా రెండు నిమిషాలు పట్టింది. ఐదో వెర్షన్ అరనిమిషంలో తెరిచేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు."

తాతగారి మీద అభిమానంతో ఆమే లెక్కలు మార్చిందన్నారు. మార్చానని సోమవారం లోగా రాసిచ్చి వెళ్ళిపొమ్మన్నారు.

"కొలిచేవాళ్ళ మాట పోతే ఇంకెక్కడా గడప తొక్కనివ్వరు మేడమ్. నేను అబద్ధం చెప్పలేదని వాళ్ళలో ఒకరు అందరి ముందూ చెప్పాలి. నాకు ఇంకేం వద్దు."

"చెప్పిస్తాను" అంది డిటెక్టివ్. అంత తేలిగ్గా మాటివ్వడం ఆమె అలవాటు కాదు. "ఆ రెండు కొలతలకీ మధ్య ఏం జరిగింది?"

"మెషీన్ చల్లారబెట్టాం. ఒకసారి చదివిన ఫైలుని మెషీన్ కాసేపు గుర్తుంచుకుంటుందండీ. రెండోసారి గబుక్కున తెరుచుకుంటుంది. అలాగైతే వెనక వచ్చినవాడికి లాభం. అందుకని ప్రతి కొలతకీ ముందు మెషీన్ ఆపి మళ్ళీ ఆన్ చేసి, లోపల అంతా సద్దుమణిగేదాకా ఊరికే వదిలేస్తాం. ఆ రోజు నా చేత్తో నేనే ఆపి, ఆన్ చేశాను."

"తర్వాత ఎవరైనా ఆ ఫైలు తెరిచారేమో?"

"లేదండీ. ఎప్పుడెప్పుడు ఏ ఫైలు తెరిచామో డీబగ్గర్లో ఉంటుంది. రెండు వెర్షన్లలోనూ చూశాను, ఎవరూ తెరవలేదు."

"నువ్వెక్కడున్నావు అప్పుడు?"

"తాతగారు టీకి తీసుకెళ్ళారు. నా చేతులు వణకడం చూసి, 'గాభరా పడకు తల్లీ, నా కూతురైతే ఇలా వదిలేస్తానా' అని లాక్కెళ్ళారు." ఆమె కళ్ళు నిండాయి. "ఇంతమందిలో నా తరఫున మాట్లాడింది ఆయనొక్కరే అయ్యుంటారు."

మర్నాడు ముగ్గురూ ఆఫీసుకి వెళ్ళారు. కొలతల గది ఇరుకుగా ఉంది. పరదాలు సగం దించి ఉన్నాయి. బల్ల మీద ఒక మెషీన్, దాని పక్కన దిండు వేసిన పాత కుర్చీ. ఆ అమ్మాయి మెషీన్ ఆపి ఆన్ చేసింది. అంతలో మేనల్లుడు మౌస్ మీద చెయ్యి వేయబోతే చటుక్కున మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోకండి. ఇంకా చల్లారలేదు."

"ఈ కుర్చీ ఎవరిది?" అంది డిటెక్టివ్.

"తాతగారిది. చల్లారుతున్నంతసేపూ ఆయన ఇక్కడే కూర్చుంటారు. మెషీన్ మీద ఈగని కూడా వాలనివ్వరు. భోజనానికి పిలిచినా లేవరు. నాకు మొదట నేర్పిందే అది."

డిటెక్టివ్ ఆ కుర్చీని చాలాసేపు చూసింది. ఈలోగా ఐదో వెర్షన్‌తో ఆ రోజు డంప్‌నే తెరిపించారు. మేనల్లుడు వాచీ పట్టుకుని నిలబడ్డాడు. మూడు నిమిషాలు పట్టింది.

యజమాని తన గదిలో కూర్చుని కణతలు నొక్కుకుంటున్నాడు.

"నాకు ఆ పిల్ల మీద కోపం లేదు మేడమ్. ఈ అమ్మకం జరక్కపోతే ఆఫీసుకి తాళం వేసుకోవడమే. ఇక్కడ పనిచేసే ప్రతి మనిషికీ ఆ సంగతి తెలుసు. దాని మధ్యలో ఈ దొంగ లెక్కలు."

"దొంగ లెక్కలని ఎలా నమ్మారు?"

"తొందరపడి అనలేదండీ. తాతగారినే పిలిచి అడిగాను, మీ శిష్యురాలు ఇలాంటి పని చేస్తుందా అని. 'ఎవరి మనసులో ఏముందో మనమేం చెప్పగలం' అన్నారు. పెంచిన మనిషే అలా అంటే ఇక నేనేం చెయ్యను?"

డిటెక్టివ్ మేనల్లుడి వైపు ఒక చూపు చూసింది. ఈ మాట ఆ అమ్మాయి చెవిన వెయ్యొద్దని ఆ చూపుకి అర్థం.

బావమరిది ఎదురుపడగానే నవ్వాడు. గెలిచినవాడి నవ్వు.

"ఆ రోజు మీ వెర్షనే ముందు తెరిచి ఉంటే?" అంది డిటెక్టివ్.

"ముందు తెరిస్తే ఏంటి, వెనక తెరిస్తే ఏంటి మేడమ్? ఆ చల్లారబెట్టడం గిల్లారబెట్టడం అంతా ముసలాయన చాదస్తం. ఆయన బాధ పడలేక మేం సరే అంటాం."

"టీ వేళ గదిలో ఎవరున్నారు?"

"నేనూ, కొనేవాళ్ళ మనిషీ. కబుర్లు చెప్పుకున్నాం. డీబగ్గర్ జోలికి పోతే ఒట్టు."

తాతగారిని ఆమె ఒక్క ప్రశ్నే అడిగింది. "ఆ రోజు మెషీన్ దగ్గర ఎందుకు కూర్చోలేదండీ?"

"పిల్ల బెదిరిపోయింది కదమ్మా" అన్నారాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.

ఇక మిగిలింది కొనేవాళ్ళ మనిషి. కులాసా మనిషి. తన ఆఫీసులో కూర్చోబెట్టి తీరిగ్గా మాట్లాడాడు.

"వాళ్ళు చాలా మర్యాదస్తులండీ. ఆ బావమరిదిగారైతే టీ తాగేలోపు ఆ డంప్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి చేతిలో పెట్టారు, మీ ఆఫీసులో కూడా చూసుకోండి అని."

"చూశారా?"

"చూశాం. ఇక్కడ కాస్త నెమ్మదిగానే తెరుచుకుంది. మా మెషీన్లు పాతవి, అందుకేమో అనుకున్నాం."

వీధిలోకి రాగానే మేనల్లుడు ఆగలేకపోయాడు. "దొరికాడు అత్తా. బావమరిదే. తెరవకుండా కాపీ చేశాడు."

"చల్లారబెట్టడం అంటేనే వాడికి నవ్వొస్తోందిరా. కాపీ చేస్తే ఫైలు వేడెక్కుతుందని వాడికెలా తెలుస్తుంది?"

"మరి?"

"కాపీ ఇవ్వమని వాడికి ఎవరు చెప్పారో అడగాలి. అందరి ముందే అడగాలి, ఆ పిల్లకి మాటిచ్చాను కదా." ఇంటి దగ్గర మెట్లెక్కుతూ ఆమె, "ఈ కేసు ఒప్పుకోకుండా ఉండాల్సింది" అంది.

సోమవారం కొలతల గదిలో ఊపిరాడనంత మంది చేరారు. యజమాని, బావమరిది, కొనేవాళ్ళ మనిషి బల్ల చుట్టూ నిలబడ్డారు. తాతగారు తన కుర్చీలో కూర్చున్నారు. ఆ అమ్మాయి గోడకి ఆనుకుని ఉంది. గుమ్మం దగ్గర ఆఫీసంతా గుమిగూడింది.

డిటెక్టివ్ చెప్పినట్టే ఆ అమ్మాయి మెషీన్ ఆపి ఆన్ చేసింది. చల్లారాక మేనల్లుడు డంప్ ఫైలుని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాడు. తర్వాత ఐదో వెర్షన్ తెరిచారు. అరనిమిషం. మళ్ళీ ఆపి ఆన్ చేశారు. ఈసారి ఎవరూ వేలు పెట్టలేదు. మళ్ళీ ఐదో వెర్షనే. మూడు నిమిషాలు.

"ఆ రోజు ఫైలుని ఎవరూ తెరవలేదు, నిజమే" అంది డిటెక్టివ్. "కానీ కాపీ చెయ్యాలంటే మెషీన్ దాన్ని ఆసాంతం చదవాలి. చదివింది గుర్తుపెట్టుకుంది. వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టు ఐదో వెర్షన్ వచ్చి కూర్చుంది. ఈ అమ్మాయి చెప్పిన లెక్కే లెక్క."

బావమరిది ముఖం కందగడ్డలా అయింది. "అంటే నేను మోసం చేశాననా? నాకేం తెలుసండీ. వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకు, ఓ కాపీ ఇవ్వు అని నాతో అన్నది తాతగారు. టీకి వెళ్తూ వెళ్తూ అన్నారు."

తలలన్నీ ఒక్కసారి ఆ కుర్చీ వైపు తిరిగాయి. ఆ అమ్మాయి మాత్రం బావమరిదినే చూస్తూ ఉండిపోయింది, తప్పు చెబుతున్నాడేమో అన్నట్టు.

"భోజనానికి పిలిచినా మెషీన్ వదలని మనిషి, ఆ ఒక్క రోజు టీకి లేచారు" అంది డిటెక్టివ్. "ఒక్కరే వెళ్ళలేదు. ఎవరైనా ఫైలు మీద చెయ్యి వేస్తే పట్టుకోగలిగిన ఇంకో మనిషిని కూడా వెంట తీసుకెళ్ళారు. ఆ తర్వాత యజమాని పిలిచి, ఈ పిల్ల ఇలాంటి పని చేస్తుందా అని అడిగితే, ఎవరి మనసులో ఏముందో మనమేం చెప్పగలం అన్నారు." ఈ చివరి మాట అనేటప్పుడు ఆమె ఆ అమ్మాయి వైపు చూడలేదు.

తాతగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"నాలుగో వెర్షన్ నా బిడ్డమ్మా. నా చేత్తో దాని గొంతు నేనే నొక్కుకున్నాను. ఐదు ఓడిపోతే వీళ్ళు కొనరు. కొనకపోతే ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళంతా రోడ్డున పడతారు. ఇంతమంది కడుపు కొట్టలేకపోయాను." ఆయన ఆ అమ్మాయి వైపు తిరిగారు. "నీకు వయసుంది తల్లీ. ఎక్కడో ఒకచోట బతుకుతావనుకున్నాను."

"నన్నొక మాట అడగొచ్చు కదా తాతగారూ."

"అడిగితే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని కాదు."

"అందుకే అడగలేదు."

కొనేవాళ్ళ మనిషి తన బ్యాగు జిప్పు లాక్కున్నాడు. ఆ చప్పుడు గుమ్మందాకా వినిపించింది. "క్షమించండి, మావాళ్ళతో మాట్లాడాలి" అని అందరికీ నమస్కారం పెట్టి, జనాన్ని తప్పించుకుంటూ వెళ్ళిపోయాడు. ఇక రాడని అక్కడ అందరికీ తెలుసు.

యజమాని గుమ్మం వైపు తిరిగాడు. "సరే. ఈ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. అందరూ వినండి."

"మీరు కాదు సార్" అంది ఆ అమ్మాయి. "ఆయన చెప్పాలి."

తాతగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డారు. ఆమెకేసి కాదు, మెషీన్‌కేసి చూస్తూ చెప్పారు. "అమ్మాయి కొలిచింది సరిగ్గానే కొలిచింది. తప్పు నాది."

ఆమె అడిగింది ఆమెకు దక్కింది. సంచీ తీసుకుని బయల్దేరితే గుమ్మం దగ్గరివాళ్ళు దారిచ్చారు, కావాల్సినదానికన్నా ఎక్కువే ఇచ్చారు. ఇన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చుని, కష్టం సుఖం చెప్పుకున్న ఆవిడ మాత్రం పక్కకి జరగలేదు.

"నీ పరువు నీకు వచ్చేసింది కదే. సంతోషం. మా పిల్లలకి రేపు ఏం పెట్టాలో కూడా నువ్వే చెప్పి వెళ్ళు."

ఆ అమ్మాయి ఆమెను చుట్టి మెట్లు దిగింది.

కింద బస్టాపులో ముగ్గురూ నిలబడ్డారు. తన అత్త గెలిచిందో ఓడిందో తెలీక మేనల్లుడు ఆమె ముఖంలోకి చూశాడు. ఆమె రోడ్డు వైపు చూస్తోంది.

"మేడమ్" అంది ఆ అమ్మాయి. "ఆ రోజు టీ తాగుతుంటే ఆయన చెయ్యి కూడా వణికింది. కప్పు సాసర్లో టకటకలాడింది. నా కోసమే భయపడుతున్నారనుకుని, నేనే ఆయనకి ధైర్యం చెప్పాను."

డిటెక్టివ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. బస్సు వచ్చేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంది.