నలభై నిమిషాల కారు

2003 మార్చిలో, ఎండ మాడ్చేస్తున్న ఒక మధ్యాహ్నం, ప్రేమ్‌చంద్ ఎర్ర కారు నల్లపాడు రైల్వే గేటు దాటి పది గజాలు వెళ్ళి ఆగిపోయింది. వెనక మిరప టిక్కీలు, అంటే గోనె బస్తాలు, ఎత్తుకొస్తున్న లారీ కూడా ఆగింది. డ్రైవర్ జాన్ బాషా కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"బాబూ! తొయ్యమంటారా, పైకి ఎక్కించుకోమంటారా?"

ప్రేమ్‌చంద్ వినిపించనట్టు అద్దంలో జుట్టు సవరించుకున్నాడు.

ఆ కారంటే అతనికి ప్రాణం. జపాన్‌లో పుట్టి, చెన్నైలో ఎవరి దగ్గరో ముసలిదై, చివరికి గుంటూరు చేరిన స్పోర్ట్స్ కారు. మీట నొక్కితే బానెట్‌లోంచి లైట్లు కనురెప్పలు ఎత్తినట్టు లేస్తాయి. వాళ్ళ నాన్న చలమయ్య మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. ఆయన దాన్ని కారు అనడు, 'అది' అంటాడు. "ఉగాదిలోపు అది ఎవరూ తొయ్యకుండా ఇంటికి రావాలి. లేదా, కనిగిరిలో బేరం ఉంది, ఇచ్చేస్తా" అని ఆ వారమే తేల్చి చెప్పాడు.

రోడ్డు పక్కనే 'యలమందయ్య ఆటో ఎలక్ట్రికల్స్' అని బోర్డు కనిపించింది. ప్రేమ్‌చంద్ వెళ్ళి అడిగాడు.

"మెకానిక్ ఉన్నాడా?"

"ఉంది" అంది అక్కడున్న అమ్మాయి.

అతను చుట్టూ చూశాడు. బల్ల మీద నల్లకళ్ళద్దాల పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. ఇంకెవరూ లేరు.

"మీరా?"

"ఏం, మీ కారు మగ మెకానిక్కులకే పలుకుతుందా? ఇప్పటిదాకా ఎంతమంది చూశారు?"

"నలుగురు."

"పలికిందా?"

ఆ అమ్మాయి పేరు శిల్ప. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసింది. షుగరుతో ఆ పెద్దాయన, తన తండ్రి యలమందయ్య చూపు పోయాక రెండేళ్ళుగా షాపు తనే నడుపుతోంది. లారీల వాళ్ళు యలమందయ్య మీద గౌరవంతో బళ్ళు ఆపుతారు, ఆమె చేత మాత్రం హారన్లు, బల్బులు బిగించుకుని వెళ్ళిపోతారు.

కాసేపటికి తాళం తిప్పితే కారు ఏ రిపేరూ లేకుండానే స్టార్టయింది. యలమందయ్య తల పక్కకి వంచి విన్నాడు.

"అమ్మా, ఇది టకటకలాడటంలా. గుయ్యిమంటంది. దీంట్లో పిస్టన్లు లేవే!"

"రోటరీ ఇంజన్ అండీ!" ప్రేమ్‌చంద్ ఛాతీ పొంగింది. "పైకీ కిందకీ కొట్టుకోదు. మూడు మూలల రోటర్లు రెండు గిరగిరా తిరుగుతుంటాయి. ఒక్కోదానికి రెండు స్పార్క్ ప్లగ్గులు."

"అంత తెలిసినవారు రోడ్డు మీద ఎందుకున్నారు?" అంది శిల్ప.

అతను రోగం చెప్పాడు. ఒక్కోరోజు పొద్దున్నే స్టార్ట్ కాదు. స్టార్టయిన రోజు నలభై నిమిషాలు పరిగెత్తి, వేడెక్కాక ఆగిపోతుంది. పెట్రోల్ పంపు మార్చారు, ప్లగ్గులు మార్చారు, కార్బ్యురేటర్ రెండుసార్లు కడిగారు.

"పొద్దున స్టార్ట్ చేసి వెంటనే ఆపేస్తారా ఎప్పుడైనా?"

"ఛ! ఎప్పుడూ లేదు."

రెండో రోజే పొద్దున స్టార్ట్ కాక, కారు తాడు కట్టుకుని షాపుకొచ్చింది. ఆమె ప్లగ్గులు ఊడదీసింది. పెట్రోల్‌తో తడిసి ముద్దయి ఉన్నాయి. ఆరబెట్టి బిగించింది. నాలుగు రోజుల తర్వాత కారు మళ్ళీ తాడు కట్టుకుని వచ్చింది, ప్లగ్గులు మళ్ళీ తడిగానే ఉన్నాయి.

"నిజం చెప్పండి."

"నిజంగా లేదండీ!"

సాయంత్రం కారు రెడీ అని చెప్పడానికి శిల్ప ప్రేమ్‌చంద్ వాళ్ళింటికి ఫోన్ చేసింది. ప్రేమ్‌చంద్ తల్లి వెంకటేశ్వరమ్మ ఎత్తింది. ఆవిడకి దాపరికం చేతకాదు.

"రోజూ పొద్దున్నే షెడ్డులోంచి తీసి వాకిట్లో పెడతాడమ్మా. రెండు నిమిషాల్లో ఆపేసి గంటసేపు తుడుస్తాడు. ఎదురింటోళ్ళు చూడొద్దూ మరి!"

ప్రేమ్‌చంద్ వచ్చేసరికి శిల్ప చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఈ ఇంజన్ని చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వెంటనే ఆపితే పెట్రోల్ లోపలే ఉండిపోయి ప్లగ్గులు మునిగిపోతాయి. ఇది కారు రోగం కాదు, మీది. రెండో రోగం కారుది. అది చూడాలంటే నడపాలి."

మర్నాడు ముగ్గురూ హైవే ఎక్కారు. కారుకి వెనక సీటు ఉందంటే ఉంది. అందులో యలమందయ్య మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. శిల్ప ముందు సీట్లో గడియారం చూస్తోంది. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీలోంచి కొడుతుంటే ప్రేమ్‌చంద్ స్టైల్‌గా తుమ్మటానికి ప్రయత్నించి విఫలమయ్యాడు.

నలభై రెండో నిమిషంలో కారు ఆగింది. శిల్ప ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటీ పరీక్షించింది.

"ప్రతి రోటర్‌లో ముందు వెలిగే ప్లగ్గు ఒకటి, దానికి సాయంగా వెలిగేది ఒకటి. సాయంది వెలుగుతోంది. అసలుది చచ్చిపోయింది. చల్లారేదాకా ఆగుదాం."

ఇద్దరూ దిగి ఇరవై నిమిషాలు పక్కనే తుమ్మచెట్టు నీడన నిలబడ్డారు.

"ఏం చదివారు?" అడిగింది శిల్ప.

"ఎంబీఏ." ఆమె చూపు తగిలింది. "ఆర్నెల్లు."

"అబ్బాయి మాట కూడా వేడెక్కితే ఆగిపోద్దేమోనమ్మా" అన్నాడు వెనక సీట్లోంచి యలమందయ్య.

శిల్ప నవ్వింది. ప్రేమ్‌చంద్‌కి కారు మీద మొదటిసారి కృతజ్ఞత కలిగింది.

తిరుగు దారిలో, యడ్లపాడు దగ్గర మళ్ళీ ఆగింది. ఈసారి శిల్ప చల్లారేదాకా ఆగలేదు. సోడాబండి దగ్గర ఐసుముక్క అడిగి తెచ్చి, పాలిథిన్ కవర్లో చుట్టి, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కి అతుక్కుని ఉన్న చిన్న పెట్టె మీద పెట్టింది.

"ఇగ్నైటర్ ఇది. స్పార్క్ ఎప్పుడు వెలగాలో కాయిల్‌కి చెప్పేది ఇదే. ఇప్పుడు కొట్టండి సెల్ఫ్."

ఇంజన్ గుయ్యిమంది. నలుగురు మెకానిక్కులు పట్టలేనిది ఐసుముక్క పట్టేసింది. అలాంటి ఇగ్నైటర్ గుంటూరులో దొరకదు కాబట్టి, వేరే కారుది తెచ్చి, వైర్లు మార్చి, ఇంజన్ వేడికి దూరంగా అల్యూమినియం రేకు మీద బిగించింది శిల్ప. కారు సింగరాయకొండ దాకా వెళ్ళి ఒక్కసారీ ఆగకుండా తిరిగొచ్చింది.

ఆ సాయంత్రమే ప్రేమ్‌చంద్ దాన్ని యార్డు ముందు ఆపాడు. జనం మూగారు. జాన్ బాషా కూడా ఉన్నాడు.

"ఎవర్రా పట్టింది రోగం?" అన్నాడు చలమయ్య.

అందరూ తననే చూస్తున్నారు. తండ్రి కళ్ళలో పుట్టాక మొదటిసారి మెచ్చుకోలు లాంటిదేదో కనిపించింది.

"నేనే" అనేశాడు ప్రేమ్‌చంద్.

మర్నాడు కాజాల పెట్టె పట్టుకుని నల్లపాడు వెళ్ళాడు. యార్డులో అన్న మాట అతనికంటే ముందే జాన్ బాషా లారీలో వచ్చేసింది.

"ఎందుకివి?" అంది శిల్ప.

"థాంక్స్ చెబుదామని."

"నాకెందుకు? కనిపెట్టింది మీరేగా." ఆమె గొంతులో వేళాకోళం లేదు. "రెండేళ్ళుగా హారన్లు బిగిస్తున్నాను. మీ కారు నేను బాగుచేశానని తెలిస్తే ఒక్క లారీ అయినా వైరింగ్‌కి వస్తుందనుకున్నా. మీకు అది ఒక్క మాట. వెళ్ళండి."

ప్రేమ్‌చంద్ కాజాల పెట్టెతో సహా వెనక్కి తిరిగాడు. తిన్నగా యార్డుకి వెళ్ళి, వేలంపాట మధ్యలో టిక్కీ ఎక్కి నిలబడ్డాడు.

"కారు బాగుచేసింది నేను కాదు! నల్లపాడు యలమందయ్య గారమ్మాయి శిల్ప గారు. నేను చేసిందల్లా పాడుచెయ్యడమే!"

"మరి నిన్న నువ్వేనన్నావుగా?" అన్నాడు చలమయ్య.

"అబద్ధం చెప్పాను నాన్నా."

యార్డంతా నవ్వింది. అక్కడ నోరు తెరిచి నవ్వితే ఘాటు గొంతులో పడుతుంది కాబట్టి యార్డంతా దగ్గింది కూడా. చలమయ్య మాత్రం తలవంచుకుని కాయ నాణ్యం చూస్తున్నట్టు నటించాడు.

ఆ వారంలోనే జాన్ బాషా లారీ వైరింగ్‌కి వచ్చింది. దాని వెనక ఇంకో రెండు వచ్చాయి. ప్రేమ్‌చంద్ మాత్రం సిగ్గుతో పదిరోజులు అటు పోలేదు. పదకొండో రోజు పోయాడు.

"కారుకేమైంది?" అంది శిల్ప, స్క్రూడ్రైవర్ దించకుండానే.

"ఏం కాలేదు. ఒక్కసారి కూడా ఆగలేదు. నేనే ఒక వైరు లాగేద్దామనుకున్నాను. మళ్ళీ అబద్ధమవుతుందని మానేశాను."

"వైరెందుకు లాగడం?"

"ఆగితే మీతో మాట్లాడొచ్చని. మీరంటే ఇష్టమండీ. పెళ్ళి చేసుకోవాలనుంది."

స్క్రూడ్రైవర్ దిగింది. లోపల యలమందయ్య రేడియో సౌండు తగ్గించాడు.

"పెళ్ళయినా షాపు నేనే నడుపుతాను. మీ నాన్నగారు ఒప్పుకుంటారా?"

'ఎందుకు ఒప్పుకోరు' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"తెలీదు. అడగలేదు. భయమేసింది."

శిల్ప చేతులు తుడుచుకుంది.

"పదండి, ఇద్దరం అడుగుదాం."

యార్డు గేటు దగ్గర చలమయ్య టిక్కీలెత్తిన సొంత లారీ ముందు నిలబడి డ్రైవర్ని తిడుతున్నాడు. కొడుకు పక్కన దిగిన అమ్మాయిని చూశాడు. ప్రేమ్‌చంద్ నోరు తెరిచేలోపే శిల్ప మొదలుపెట్టింది.

"నమస్కారమండీ. నా పేరు శిల్ప. మేమిద్దరం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. కానీ నేను షాపు మూయను."

చలమయ్య కొడుకుని చూశాడు, అమ్మాయిని చూశాడు, చివరికి లారీని చూశాడు.

"మూసేస్తే దీన్నెవరు చూస్తారమ్మా?" అన్నాడు. "పొద్దుట్నుంచీ సెల్ఫ్ పడటంలా. ఒరేయ్, చూస్తావేందిరా, కోడలికి టూల్‌బాక్స్ అందివ్వు!"