పద్నాలుగు మీటర్ల దెయ్యం

బ్రెడ్డు ఫ్యాక్టరీ వెనకాల పాత చల్లగది ఒకటుంది. ఒకప్పుడు అందులో వెన్న నిలవ చేసేవారట. ఇప్పుడు వెన్నా లేదు, చల్లదనమూ లేదు. కిటికీ లేని నాలుగు గోడలు, జానెడు మందం తలుపు, ఎంత కడిగినా పోని వెన్న వాసన మిగిలాయి. పొద్దుగూకాక ఆ వైపు ఒంటరిగా వెళ్లే మొనగాడు ఫ్యాక్టరీ మొత్తం మీద లేడు. వెళ్లక తప్పనివాళ్లు పాట పాడుకుంటూ వెళ్లేవారు. పాట రానివాళ్లు దగ్గుకుంటూ వెళ్లేవారు.

కారణం — నాలుగో మెషిను.

ఆ గదిలో నాలుగు రోయింగ్ మెషిన్లుండేవి. చూడనివాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, అవి నీళ్లు లేని పడవలు. ముందుకీ వెనక్కీ జారే సీటు మీద కూర్చుని, పాదాలు పట్టీలతో బిగించుకుని, గొలుసుకున్న హ్యాండిల్ పట్టుకుని వెనక్కి లాగాలి. ఎదురుగా ఉన్న చక్రం బుస్సుమని గాలి కొడుతూ తిరుగుతుంది. ఎన్ని మీటర్లు పోయామో చిన్న తెర చెబుతుంది. చెమటలు కక్కుతూ రెండు వేల మీటర్లు లాగి, దిగి చూసుకుంటే ఎక్కినచోటే ఉంటాం.

వీటిని తెప్పించింది పిండి మాస్టారు. పిండి కలిపే విభాగానికి పెద్ద. చిన్నా పెద్దా అందర్నీ "తమ్ముడూ" అనే పిలిచేవాడు, ఆఖరికి మేనేజరుని కూడా. ఆ పెద్దాయన ఒక రాత్రి నాలుగో మెషిను మీద లాగుతూ లాగుతూ… అలాగే పక్కకి ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నాడు డాక్టరు. రెండు వేలకి పద్నాలుగు మీటర్లే తక్కువయ్యాయన్నారు ఫ్యాక్టరీ జనం.

ఆ లెక్క చూసిందెవరని మాత్రం అడక్కండి. ఎందుకంటే ఆయన పోయి రెండేళ్లు. ఈ పద్నాలుగు సంగతి జనానికి గుర్తొచ్చింది మాత్రం మూడు నెలల కిందట. పొద్దున్నే వచ్చి నాలుగో మెషిను మీట నొక్కితే, రాత్రి ఎవరో లాగినట్టు తెర మీద పద్నాలుగు మీటర్లు కనపడటం అప్పుడే మొదలైంది.

ఒకరోజు కాదు… రోజూ. పద్నాలుగే.

మాస్టారే వస్తున్నాడన్నారు. మిగిలిపోయిన ఆ కాస్తా పూర్తి చేసుకుని పోదామని పాపం ఆయన వస్తే, పాడు మెషిను మళ్లీ సున్నా నుంచి మొదలెడుతోందట. అందుకే ఆయనకి మనశ్శాంతి లేదట. మధ్యలో ఆపేసేవాళ్లంటే ఆయనకి గిట్టదనీ, అలాంటివాడు దొరికితే వెనకాలే వచ్చి నిలబడతాడనీ ఎవరో దానికి తోక తగిలించారు. ఆ తోక విన్నప్పట్నుంచి ముప్పావుకి కంటి మీద కునుకు లేదు.

ముప్పావు అంటే ఓవెన్లు బాగుచేసే మెకానిక్కు. మంచి పనివాడే, చెయ్యి తిరిగినవాడే. కాకపోతే ఏ పనైనా ముప్పావు వంతు దాకానే. ఇంట్లో మూడు గోడలకి రంగేసి నాలుగోది వదిలేశాడు. అలమారకి చెక్కలన్నీ బిగించి తలుపులు వదిలేశాడు. "మా పెళ్లయినా పూర్తిగా అయిందో లేదో, ఒకసారి కాగితాలు చూసుకోవాలి" అనేది భార్య. చల్లగదిలో కరెంటు వృథా కాకుండా దీపం ఆరు నిమిషాలకి దానంతటదే ఆరిపోయేట్టు ఏదో బిగించాడు. ఆరడం బ్రహ్మాండంగా ఆరుతుంది. మనిషి కదిలితే మళ్లీ వెలిగే ఏర్పాటు మాత్రం రేపు చేస్తానన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు. చీకటైతే తలుపు దాకా తడుముకుంటూ వెళ్లి స్విచ్చి నొక్కుకోవాల్సిందే.

మెషిను మీదా అంతే. పదిహేను వందల మీటర్ల దాకా గుర్రంలా లాగేవాడు. అక్కడికి రాగానే రొమ్ములో నిప్పులు పోసినట్టుండేది. "ఇక చాల్లేరా" అని లోపలి నుంచి ఒక గొంతు పలికేది. ఆ గొంతు అందరికీ ఉంటుంది. మనవాడు దానికి కాస్త మర్యాద ఎక్కువిచ్చేవాడు, అంతే.

ఆదివారం ఫ్యాక్టరీల మధ్య పోటీ. ఒక్కో జట్టుకి నలుగురు. నలుగురూ తలా రెండు వేలు లాగితే, నలుగురి టైమూ కలిపి లెక్కేస్తారు. ఒక్కడు మధ్యలో వదిలేసినా జట్టంతా గోవిందా. వీళ్ల జట్టుకి కెప్టెన్ ముప్పావు వదినే, సొంత అన్న భార్య. ఓవెన్ల దగ్గర సూపర్‌వైజరు. ఆవిడ గొంతు వింటే బ్రెడ్డు భయపడి రెండు నిమిషాలు ముందే పొంగుతుందని చెప్పుకునేవారు. మిగతా ఇద్దరు ఫోర్‌మన్, వ్యాను డ్రైవరు. వీళ్లు కాక స్పేరు మనిషి ఒకడు. మైదా గోడౌన్‌లో బస్తాలు మోసే యాభై ఏళ్ల భారీ మనిషి. ఆ భుజాలు చూసి వదిన ముచ్చటపడి మూడు నెలల కిందట జట్టులో చేర్చుకుంది. అందరూ స్టెప్నీ అనేవారు. ప్రాక్టీసు ఎలా ఉందని అడిగితే "రాత్రి డ్యూటీ దిగాక రోజూ లాగుతున్నానమ్మా" అని తల దించుకుని చెప్పేవాడు.

శనివారం సాయంత్రం పోటీవాళ్లు అరువడిగితే మెషిన్లని లారీ ఎక్కించారు. మూడే ఎక్కాయి. నాలుగోదాన్ని ముట్టుకోవడానికి ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

ఆ తర్వాత వదిన ముప్పావుని పక్కకి పిలిచింది.

"చూడు మరిదీ. రేపు నువ్వు మధ్యలో వదిలేస్తే మా ముగ్గురి కష్టం బూడిదలో పోసిన పన్నీరు. ఇవాళ రాత్రి పదింటికల్లా తెర మీద రెండు వేలు కనపడేట్టు ఫొటో తీసి పంపు. టైము ఎంతైనా సరే, నాకక్కర్లేదు. పంపావా, సీటు నీది. లేదా, స్టెప్నీది. ఆయనకీ చెప్పేశాను."

"ఇవాళా? మెషిన్లు లారీ ఎక్కేశాయి కదా వదినా…"

"నాలుగోది ఉందిగా."

ముప్పావు ఒక అడుగు వెనక్కేశాడు.

"ఏం, భయమా?"

"అబ్బే… భయమెందుకు? రాత్రి గాలి పడదు నాకు."

"గదికి కిటికీలే లేవు, గాలెక్కడిది? వెళ్లు."

నవ్వులాట పక్కనపెడితే, ఆ సీటంటే ముప్పావుకి ప్రాణం. నలభయ్యో ఏడు దగ్గరికొస్తోంది. "ఇది నేను మొదట్నుంచీ చివరిదాకా చేశాను" అని చెప్పుకోవడానికి ఇంతవరకు ఒక్కటంటే ఒక్కటి లేదు. పేరు పెట్టి పిలిచి అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు గానీ, ఇంటికెళ్లి రంగెయ్యని ఆ నాలుగో గోడ చూస్తే సిగ్గేసేది. అందుకే వెళ్లాడు.

తొమ్మిదిన్నర. రెండో షిఫ్టు వెళ్లిపోయింది. చల్లగది తలుపు కిర్రుమంది. దీపం వేశాడు. మూల గోడకి కాస్త ఎడంగా ఖాళీ వెన్న పెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. వాటి ముందు ఒంటరిగా — నాలుగో మెషిను.

"మాస్టారూ, నేను మీవాణ్నే" అని గాలిలోకి ఒక మాటన్నాడు. ఎందుకైనా మంచిదని.

కూర్చున్నాడు. పాదాలు పట్టీల్లో పెట్టి, జారకుండా కసిదీరా బిగించాడు. లాగాడు. చక్రం బుస్సుమంది.

రెండొందలు… ఐదొందలు… ఎనిమిదొందలు. వెనక నుంచి ఏదో చప్పుడు. హుఁ… హుఁ… అని. తన ఊపిరే అనుకున్నాడు. ఊపిరి బిగబట్టి చూశాడు. చప్పుడు ఆగలేదు. చక్రంలో బేరింగు అరిగింది, రేపు చూడాలి అనుకున్నాడు. ఆ 'రేపు' అన్న మాటకే కాస్త ధైర్యమొచ్చింది.

వెయ్యి… పన్నెండొందలు… పద్నాలుగొందలు.

వచ్చింది ఆ మైలురాయి. రొమ్ములో నిప్పులు. తొడలు తనవి కావు. "ఇక చాల్లేరా" అంది లోపలి గొంతు. పదిహేను వందల మూడు దగ్గర — హ్యాండిల్ వదిలేశాడు.

సరిగ్గా అప్పుడే దీపం ఆరిపోయింది.

చక్రం నెమ్మదించింది… నెమ్మదించింది… ఆగింది. చీకట్లో తెర మాత్రం ఆకుపచ్చగా మెరుస్తోంది. హుఁ… హుఁ… అన్న చప్పుడు కూడా ఆగిపోయింది. బేరింగు కాదన్నమాట.

వెనకాల పెట్టె ఒకటి కదిలింది.

తర్వాత… అడుగు. ఇంకో అడుగు. చెవి వెనక వెచ్చటి ఊపిరి.

"తమ్ముడూ…"

ముప్పావు రెండు చేతులా సీటు పట్టుకున్నాడు.

"ఆపకు తమ్ముడూ… ఐదొందలే… లాగు…"

ప్రాణభయం వేస్తే ఎవరైనా ఏం చేస్తారు? లేచి పారిపోతారు. పారిపోదామంటే పాదాలు పట్టీల్లో ఉన్నాయి, బిగించింది తనే. వంగి విప్పుదామంటే వేళ్లు మాట వినడం లేదు. ఇక ఆ మెషిను మీద మనిషి చేయగలిగింది ఒక్కటే. హ్యాండిల్ దొరకబుచ్చుకుని లాగాడు. అలా లాగినవాణ్ని ఆ ఫ్యాక్టరీ అంతకుముందు చూడలేదు. దెయ్యం వెంటబడితే జనం ఒకే వైపు పరిగెత్తుతారు. మనవాడు ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ పరిగెత్తాడు.

"అదీ… పదిహేడొందలు… అదీ తమ్ముడూ…"

"లాగుతున్నా మాస్టారూ! లాగుతున్నా! నన్నొదిలెయ్యండి!"

"పద్దెనిమిదొందలు… నోరు మూసుకుని లాగు…"

రొమ్ములో నిప్పులు అలాగే ఉన్నాయి. "చాల్లేరా" అనే గొంతు మాత్రం వినపడలేదు. వెనక ఉన్న గొంతు ముందు దానికి నోరు లేవలేదు. పంతొమ్మిదొందలు… యాభై… ఎనభై ఆరు. ఆ అంకె చూడగానే కళ్లు గట్టిగా మూసుకుని చివరి రెండు లాగుళ్లూ లాగేశాడు.

రెండు వేలు. తెర కూతపెట్టింది.

"హమ్మయ్య!" అంటూ పెద్ద చెయ్యి ఒకటి వచ్చి దబ్బున వీపు మీద పడింది. ముప్పావు కెవ్వుమన్నాడు. వెనకున్నది కూడా కెవ్వుమంది. ఫోను దీపం వేసి తిప్పి చూస్తే — ఎదురుగా తెల్లటి మొహం. తెల్లటి జుట్టు. తెల్లటి కనుబొమలు. కళ్లు మాత్రం ఎర్రగా…

ఇంకోసారి కెవ్వుమని, ఊపిరి సరిపోక మధ్యలో ఆగి, పరకాయించి చూశాడు. ఆ తెలుపు మైదా పిండి.

"స్టెప్నీ అన్నా?"

"మెల్లిగా, తమ్ముడూ. కాపలావాడు వస్తాడు."

"నువ్విక్కడేం చేస్తున్నావు?"

స్టెప్నీ నేల చూపులు చూశాడు. "రోజూ వస్తున్నా కదా, ప్రాక్టీసుకి. రెండు లాగుళ్లు లాగేసరికి పోటీ జనం గుర్తొచ్చి గుండె దడ. ఆ పెట్టెల వెనక గోనె పట్టా పరుచుకుని పడుకుంటా. గంటసేపు గురకపెట్టి ఇంటికెళ్తా. ఇవాళ నీ చక్రం మోత ఆగేసరికి మెలకువొచ్చింది."

"రెండు లాగుళ్లంటే… పద్నాలుగు మీటర్లా?"

"ఎంతో ఏమో, నేనెప్పుడూ చూళ్లేదు."

మూడు నెలలుగా ఫ్యాక్టరీ మొత్తాన్ని దగ్గించిన దెయ్యం, పిండి దులుపుకుంటూ నిలబడి ఉంది. ముప్పావుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి నేను వదిలేస్తే సీటు నీదే కదన్నా. నన్నెందుకు లాగమన్నావు?"

"అందుకే లాగమన్నా!" అన్నాడు స్టెప్నీ. "నువ్వు వదిలేస్తే రేపు నేను కూర్చోవాలి. అయిదొందల మంది ముందు. బస్తా మోసేటప్పుడు నన్నెవరూ చూడరు తమ్ముడూ, హాయిగా మోసుకుంటా. చూస్తుంటే చెయ్యలేను. మీ వదినమ్మ ముందు ఆ మాట చెప్పలేకపోయా. రాత్రంతా నీకోసం మొక్కుకుందామనుకున్నా… నువ్వే వచ్చావు."

ముప్పావు తెర వైపు చూశాడు. రెండు వేలు. భయంతో అయితేనేం, తిట్లతో అయితేనేం, లాగింది తన చేతులే. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెమటన్నట్టు తుడుచుకుని ఫొటో తీసి పంపి, పట్టీలు విప్పుకుని లేచాడు. పదికి ఇంకా నాలుగు నిమిషాలుంది.

వెంటనే వదిన ఫోను. ఆవిడ గొంతుకి స్పీకరు అక్కర్లేదు, గదంతా వినపడింది.

"శభాష్ మరిదీ! నీ సీటు నీదే. ఇంకో సంగతి. లారీ ఎక్కిస్తుంటే ఫోర్‌మన్‌కి నడుం పట్టేసిందట, మంచం దిగలేడు. రేపు ఆయన సీట్లో స్టెప్నీ లాగాలి. ఎక్కడ చచ్చాడో, ఫోనెత్తడం లేదు. కనపడితే చెప్పు."

ఫోను పెట్టేసింది.

స్టెప్నీ మొహం మీద మైదా లేకపోయినా అంతే తెల్లగా ఉండేది. చప్పుడు కాకుండా తలుపు వైపు ఒక అడుగేశాడు. ముప్పావు అంతకంటే ముందే వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"కూర్చో అన్నా."

"నా వల్ల కాదు తమ్ముడూ."

"నా వల్లా కాదనే అనుకున్నాను. కూర్చో. దీపం వెయ్యను, నిన్నెవరూ చూడరు."

కూర్చోబెట్టాడు. కాళ్లకి పట్టీలు తనే బిగించాడు. స్టెప్నీ రెండు లాగుళ్లు లాగి అలవాటుగా ఆగిపోయాడు. ముప్పావు చీకట్లో వెనకాలే వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, "లాగన్నా…" అన్నాడు. వంద దగ్గర ఒకసారి అన్నాడు. మూడొందల దగ్గర ఒకసారి. ఏడొందల దగ్గర స్టెప్నీ ఏడ్చాడు. ఏడుస్తూ ఆగాడు. మళ్లీ మొదట్నుంచి.

పదకొండయింది. ముప్పావు ఫోను మోగింది. ఇంటి నుంచి.

"ఏవండీ, ఎక్కడున్నారు? పదకొండైంది, ఇంకా రారా?"

"ఇక్కడ ఒక పని మధ్యలో ఉంది" అన్నాడు ముప్పావు. "పూర్తయ్యేదాకా వదిలిపెట్టి రాను."

అటు వైపు నుంచి గొంతు తగ్గించి అడిగింది భార్య.

"ఎవరండీ… ఎవరు మీరు? మా ఆయన్నేం చేశారు?"