పందొమ్మిది ఫ్లాస్కులు

"మీవి చేతులా, సుత్తులా?"

యూనివర్సిటీలో గాజు ఊదే మేస్త్రి ఆ కెమిస్ట్రీ అమ్మాయితో అన్న మొదటి మాట అదే. మెడ విరిగిన ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని, "క్లాంపు కాస్త గట్టిగా బిగించానండీ," అంది ఆమె.

ఆ తర్వాత రెండేళ్లలో అలాంటివే ఇంకో ముప్పై తెచ్చింది. అతను ప్రతిసారీ తిట్టాడు, ప్రతిసారీ మంట మీద తిప్పి అతికించాడు. చల్లారేదాకా ఆమె స్టూలు మీద కూర్చుని కబుర్లు చెప్పేది. గాజు తొందరగా చల్లారకపోతే బాగుండునని అతను ఎప్పటినుంచి అనుకుంటున్నాడో అతనికే తెలీదు.

ఇప్పుడు ఆమెకి కెమిస్ట్రీలోకెల్లా పెద్ద ఉపన్యాస బహుమతి వచ్చింది. దాంతోపాటు దూరాన ఓ పేరున్న ల్యాబులో రెండేళ్ల పని. ఉపన్యాసం మర్నాడే ప్రయాణం. ఉపన్యాసం రోజు మేస్త్రి ముఖం మాడ్చుకుని హాల్లో ఆఖరి వరుసలో కూర్చున్నాడు.

ఆ ఉపన్యాసానికి ఓ ఆనవాయితీ ఉంది. చివర్లో హాల్లో ఎవరేమడిగినా నిజం చెప్పి తీరాలి.

తెర మీద "ప్రయోగాలు పన్నెండు, ఒక్కోదానికి ఒకే ఫ్లాస్కు" అని చూడగానే అతనికి ఒళ్లు మండింది. చెయ్యెత్తాడు.

"మేడమ్, నేను అతికించినవి ముప్పై ఒకటి. మిగతా పందొమ్మిది ఏ ప్రయోగంలో పగిలాయి?"

హాల్లో గుసగుసలు. చెడిపోయిన ప్రయోగాలు దాచిందంటే బహుమతికే ఎసరు. ఆ సంగతి అడిగాక గానీ తట్టలేదు మహానుభావుడికి. నాలుక కరుచుకున్నాడు.

ఆమె ముఖం కందిపోయింది. "అవి ప్రయోగంలో పగల్లేదు. నేనే పగలగొట్టాను."

"ఎందుకమ్మా?" అన్నారు ముందు వరుసలోంచి ఆమె గైడు.

"ఊరికే వస్తే ఆయన వర్క్‌షాపులోకి రానివ్వరు సార్. పగిలింది తెస్తే తిడతారు గానీ, చల్లారేదాకా కూర్చోనిస్తారు."

హాలు గొల్లుమంది. "ఇంట్లో గ్లాసు కడగమంటే చేతులు నొప్పులంటుందండీ ఇది!" అంది ఆమె తల్లి, పక్కావిడతో పైకే.

మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"జవాబు సరిపోయిందా?" మైకులోనే అడిగింది ఆమె.

"సరిపోలేదు. రేపు వెళ్లిపోతున్నారుగా. మరి నా సంగతేంటి?"

"వెళ్తాను. ఆ పని నాకు కావాలి. మీరూ కావాలి. రెండేళ్లు ఆగుతారా?"

"ఆగుతాను."

గైడు లేచి గొంతు సవరించుకున్నారు. "ప్రశ్నలు అయిపోయాయి. మేస్త్రీ, అక్కడెందుకయ్యా, ముందుకొచ్చి కూర్చో."

తల్లి తన పక్క కుర్చీలోని బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది.