సుక్క నేర్చిన నడక

శనివారం ఒంటిపూట బడి వదలగానే షీబా తన స్నేహితురాలు రేఖను వెంటబెట్టుకుని కళింగపట్నం సరుగుడు తోటల వైపు బయలుదేరింది. ఐదో తరగతిలో ఎవరికీ లేని గొప్ప షీబాకి ఒకటి ఉంది. వాళ్ల జ్ఞానసుందరి అత్త దగ్గర రేసు గుర్రం ఉంది. అది ఎన్ని రేసులు గెలిచిందో, ఎన్ని కప్పులు తెచ్చిందో దారి పొడుగునా చెబుతూనే ఉంది.

జ్ఞానసుందరి పశువుల డాక్టరు. ముందరికాలు దెబ్బతిని, ఇక రేసులకు పనికిరాదని పక్కన పెట్టేసిన గుర్రాన్ని ఆమె హైదరాబాదు నుంచి తెచ్చుకుంది. కాలు నయం చేసింది. తరవాత ఏడాదిపాటు ఓపిగ్గా దానికి కొత్త పని నేర్పింది. కాళ్లు బిగుసుకుపోయి సరిగ్గా నడవలేని పిల్లలను వీపున ఎక్కించుకుని మెల్లగా నడవడమే ఆ పని. గుర్రం నడుస్తుంటే పైన కూర్చున్న పిల్లల నడుము కూడా దాంతోపాటే ఊగుతుంది. బిగుసుకున్న కండరాలు కొంచెం కొంచెంగా వదులవుతాయి. నుదుట తెల్లమచ్చ ఉందని దాన్ని అందరూ సుక్క అని పిలిచేవారు.

షీబా తమ్ముడు బెన్హర్ కూడా వారం వారం సుక్కని ఎక్కేవాడు. ఏడేళ్లొచ్చినా వాడు ఆసరా లేకుండా కూర్చోలేకపోయేవాడు. ఇప్పుడు సుక్క వీపు మీద నిటారుగా కూర్చుంటున్నాడు.

వీళ్లు వెళ్లేసరికి అత్త పగ్గం పట్టుకుని సుక్కను నడిపిస్తోంది. బెన్హర్ హెల్మెట్ పెట్టుకుని పైన ఉన్నాడు. నాన్న ఆదాము వాడి మోకాలి మీద చెయ్యి వేసి పక్కనే నడుస్తున్నాడు. సుక్క తల వంచుకుని ఇసుకలో ఆచితూచి అడుగులు వేస్తోంది.

రేఖ కంచె దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"ఇదేటే, రేసు గుర్రమా? మా ఎద్దు ఇంతకన్నా జోరుగా నడుస్తాది," అంది.

షీబా ముఖం కందిపోయింది. సుక్క ఒక్కసారి పరుగెత్తి చూపిస్తే చాలు, రేఖ నోరు మూతపడుతుంది అనుకుంది. పైన తమ్ముడు ఉన్న సంగతి ఆ క్షణాన తోచనే లేదు. పక్కనున్న రేకు బకెట్‌ను కర్రతో ధన్‌మని కొట్టి, "హేయ్" అని అరిచింది.

సుక్క ఒళ్లంతా జలదరించింది. చెవులు వెనక్కి వాలాయి. ముందరికాలు గాల్లోకి లేచింది. బెన్హర్ పక్కకి ఒరిగిపోయి దాని మెడను వాటేసుకున్నాడు.

మెడ చుట్టూ ఆ చేతులు పడగానే సుక్క ఎత్తిన కాలిని మెల్లగా దించింది. కళ్లలో బెదురు పోలేదు, ఒళ్లు వణుకుతూనే ఉంది. అయినా ఒక్క అడుగు కదలలేదు. ఆదాము కొడుకుని ఎత్తి దించుకునేదాకా అలాగే నిలబడి ఉంది.

షీబా చేతిలోని కర్ర జారిపోయింది. తమ్ముడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాన్న కేకలేస్తాడనుకుంది. ఆయన బెన్హర్‌ను గుండెకు హత్తుకుని, షీబా వైపు చూడకుండానే అత్త ఇంట్లోకి వెళ్లిపోయాడు. అది కేకలకన్నా కష్టంగా అనిపించింది.

అత్త షీబాను దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని సుక్క రొమ్ము మీద ఆనించింది. చెమటతో తడిసి ఉంది. లోపల గుండె దడదడ కొట్టుకోవడం అరచేతికి తెలుస్తోంది.

"సప్పుడు వినగానే పరిగెత్తాలని దీనికి సిన్నప్పుడు నేర్పినారు," అంది అత్త. "ఇప్పుడూ దీనికి పరిగెత్తాలనే ఉన్నాది. మీద గుంటడున్నాడని ఆగిపోనాది. ఆగడానికి ఎంత కష్టపడతన్నాదో సూడు."

ఆ గుండె నెమ్మదించేదాకా షీబా చెయ్యి తీయలేదు.

మరుసటి వారం బెన్హర్ గుర్రం దగ్గరికి రానని మొండికేశాడు. షీబా వాడి పక్కన కూర్చుని, "సుక్క తప్పేటీ లేదురా. బెదరగొట్టింది నేనే," అని చెప్పింది. వాడు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

ఆ తరవాత షీబా రోజూ సాయంత్రం అత్త దగ్గరికి వెళ్లింది. సుక్క ఒంటిని బ్రష్‌తో రుద్దింది. పిల్లల పక్కన ఎలా నడవాలో అత్తను అడిగి నేర్చుకుంది. ఒకరోజు నాన్న బెన్హర్‌ను చక్రాల కుర్చీలో కంచెదాకా తీసుకొచ్చాడు. సుక్క దగ్గరికొచ్చి తల వంచి వాడి ఒళ్లో మూతి పెట్టింది. వేడి ఊపిరికి చక్కిలిగింతలై వాడు నవ్వేశాడు. ఆ రోజే మళ్లీ ఎక్కాడు.

వేసవి సెలవుల్లో భావనపాడు నుంచి దాలమ్మ అనే కొత్త పాప వచ్చింది. రేసు గుర్రమని విని కంచె చుట్టూ పిల్లలు మూగారు. పరిగెత్తించమని గోల మొదలుపెట్టారు. అప్పుడే సుక్క మీదికి ఎక్కిన పాప బిక్కచచ్చిపోయింది.

షీబా వాళ్ల దగ్గరికి వెళ్లింది. "ఇది పరిగెత్తదు. కూకుని సూడండి, ఎంత బాగా నడుస్తాదో," అని చిన్నగా చెప్పింది. వాళ్లు ఒకరి వెనక ఒకరు ఇసుకలో కూర్చున్నారు.

షీబా తిరిగొచ్చి పాప మోకాలి మీద చెయ్యి వేసింది. పాప పిడికిళ్లు జూలును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అవి కాస్త వదులయ్యేదాకా షీబా అలాగే నిలబడింది. తరవాత సుక్క అడుగు వేసింది. దాంతోపాటే షీబా అడుగు వేసింది.